చిన్న కెమెరాలో తెల్ల చుక్క

ఇలేషా ఊళ్ళో, మెడలో బరువైన కెమెరా వేలాడకపోతే ఫోటోగ్రాఫరని ఎవరూ ఒప్పుకోరు. ఫోటో ఎలా వచ్చిందన్నది తర్వాతి సంగతి. కెమెరా నల్లగా ఉండాలి, మూతి పొడుగ్గా ఉండాలి, మోసేవాళ్ళ మెడ కాస్త వంగాలి. అప్పుడే పెళ్ళివారు కుర్చీ వేసి కూర్చోబెడతారు, జొలోఫ్ అన్నం మీద ఇంకో మాంసం ముక్క వడ్డిస్తారు. మొరేనికేకి ఈ సంగతి అర్థం కావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఆమె దగ్గర అరచేతిలో ఇమిడిపోయే వెండి రంగు చిన్న కెమెరా ఒక్కటే ఉండేది. "ఫోటో ఆంటీ, అసలు కెమెరా ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అని పెళ్ళికొడుకుల తమ్ముళ్ళు ఏడిపించేవాళ్ళు.

ఆ చిన్నదానికి ఇంకో జబ్బు కూడా ఉంది. దాని ఫ్లాష్ లెన్సుని ఆనుకునే ఉంటుంది. వెలుగు తిన్నగా వెళ్ళి కంట్లో పడి, తిన్నగా వెనక్కి వస్తుంది. దాంతో పెళ్ళికూతురి దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా అందరి కళ్ళూ పూనకం వచ్చినట్టు ఎర్రగా పడతాయి. పెళ్ళి మర్నాడల్లా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో కన్నూ నల్లగా దిద్దడమే ఆమె పని. నిరుడు లాగోస్ వెళ్ళి పెద్ద కెమెరా కొనుక్కొచ్చాక ఆ పీడ వదిలింది. దాని ఫ్లాష్ తల ఎత్తి పైకప్పు వైపు చూస్తుంది. వెలుగు పైనుంచి మెత్తగా దిగుతుంది, కళ్ళు కళ్ళలాగే ఉంటాయి. చిన్న కెమెరాని ఆమె సొరుగులో పడేసి మళ్ళీ దాని మొహం చూడలేదు.

వృత్తిలో దేనికీ జంకని మొరేనికేకి ఒక్క ఫోటో అంటే మాత్రం చచ్చేంత భయం. కవలల్లో ఒకరు ప్రయాణం వెళ్ళినప్పుడు తీసే ఫోటో అది. ప్రయాణం అంటే మరేం కాదు, పోవడమే. కానీ కవలలు పోయారని ఇలేషాలో ఎవరూ అనరు. మిగిలిన బిడ్డ వింటుంది, వెళ్ళిన బిడ్డా వింటుంది. అందుకని మిగిలినదాన్ని ఒకే గౌనులో రెండుసార్లు కూర్చోబెట్టి తీసి, రెండూ పక్కపక్కన అతికించి ఒకే ఫోటోగా ఇస్తారు. చూసినవాళ్ళకి అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఫోటో తీసే మనిషి కూడా ఇద్దరు వచ్చినట్టే మాట్లాడాలి. ఒక్క తప్పు మాట నోరు జారితే వెళ్ళినది అలిగి రెండోదాన్ని కూడా రమ్మంటుందని పెద్దల భయం. తనవల్ల ఎక్కడ ఓ పసిదాని ప్రాణం మీదికి వస్తుందోనని మొరేనికే భయం.

ఆ రోజు మధ్యాహ్నం ఎడారి గాలి దుమ్ము రేపుతుంటే, స్టూడియో గుమ్మంలోకి అబియోనా వచ్చింది. ఊరంతా ఆమెని కవలలమ్మా అనే పిలుస్తుంది. వెనక ఆమె అత్తగారు, చేతిలో మూత పెట్టిన గిన్నె. అబియోనా కొంగు పట్టుకుని మూడున్నరేళ్ళ తైవో. లోపలికి వస్తూ వస్తూ పిల్ల ఎడంపక్క తలుపుకి ఠక్కుమని గుద్దుకుంది. ఏడవలేదు. అలవాటైనట్టు నుదురు రుద్దుకుని ముందుకు నడిచింది.

"చూశావా ఆంటీ," అంది అబియోనా గొంతు తగ్గించి. "నెల రోజుల్నించీ ఇదే వరస. గోడలకి గుద్దుకుంటుంది. ముద్ద ముట్టదు. పొద్దున్నే లేచి కన్ను నలుపుకుంటూ కూర్చుంటుంది."

"అక్క పిలుస్తోందే దాన్ని," అంది ముసలామె. "పిలిచేవాళ్ళ వైపు చూస్తా నడిస్తే ముందున్న తలుపు కనబడుద్దా?"

పెద్దది కెహిండే. కడుపులోంచి వెనక వచ్చినా పెద్దరికం దానిదే. లోకం ఎలా ఉందో చూసి రమ్మని తైవోని ముందు పంపిందని అంటారు. అలా పంపిన పెద్దది వానలు వెళ్ళేవేళ తానే ప్రయాణం వెళ్ళిపోయింది. దానికి ముందు కుడి కన్ను వాచింది, గుడ్డు బయటికి వచ్చినంత పని అయింది, తర్వాత తలనొప్పి, తర్వాత మూసిన కన్ను తెరవలేదు. ఇప్పుడది చెల్లెల్ని పిలిస్తే చెల్లెలు వెళ్ళకుండా ఉంటుందా? అబియోనా మొహంలో ఆ ప్రశ్న తప్ప మరేమీ లేదు. కళ్ళ కింద గుంటలు పడ్డాయి. పిల్ల చేతిని వదిలితే ఎగిరిపోతుందన్నట్టు పట్టుకుంది.

"ఇద్దరికీ కలిపి ఫోటో తియ్యి," అంది. "పెద్దదానికి ఇంట్లో చోటు ఉందని తెలియాలి. అప్పుడు చిన్నదాన్ని నాకు వదిలేస్తుంది."

కాదనాలని మొరేనికే నోటిదాకా వచ్చింది. కానీ ఆ మనిషి కళ్ళు చూసి సరేనంది. కరెంటు లేదు. వెనక్కి వెళ్ళి జనరేటర్ తాడు లాగింది. బల్బు వెలిగింది. నీలం తెర ముందు చిన్న పీట వేసి, పెద్ద కెమెరా ఎత్తింది.

తైవో ఒక్క చూపు చూసి కెవ్వుమంది. ఆ పొడుగు మూతి, ఆ నల్లటి గాజు కన్ను తన వైపు తిరగడం చూసి పీట మీంచి దూకి తల్లి కాళ్ళ మధ్య దూరింది. బిస్కట్టు చూపించారు, పాట పాడారు, లాభం లేదు. కెమెరా పైకి లేస్తే చాలు, పిల్ల ఊపిరి అందనట్టు ఏడుస్తోంది. చివరికి మొరేనికే విసుగెత్తి సొరుగు లాగి చిన్న కెమెరా తీసింది.

ముసలామె నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏంటది? సబ్బుపెట్టెనా? చీఫుగారి కుక్క పిల్లల్ని పెడితే పెద్ద కెమెరా ఏసుకుని పరిగెత్తుకెళ్ళావంట. నా మనవరాళ్ళకి మాత్రం సబ్బుపెట్టెనా?"

"మామ్మా, పిల్ల జడుసుకుంటోంది. ఫోటో బాగా వస్తుంది, పూచీ నాది."

"ప్రయాణం వెళ్ళిన బిడ్డకి చులకన చేస్తే ఊరుకుంటుందనుకుంటున్నావా?"

"అత్తమ్మా, తియ్యనియ్యి," అంది అబియోనా. "ఏదో ఒకటి. తొందరగా."

చిన్న కెమెరా అయ్యేసరికి తైవో ఏడుపు మానింది. అది తనలాగే చిన్నది. ముక్కు ఎగబీల్చుకుంటూ పీట మీద ఎడంపక్కకి కూర్చుంది. మొరేనికే మోకాళ్ళ మీద కూర్చుని దగ్గరికి జరిగి, "తైవో, నన్ను చూడమ్మా," అని నొక్కింది. ఫ్లాష్ మెరిసింది.

ఇప్పుడు అసలు భయం. పిల్లని కుడిపక్కకి జరిపింది. ఎంత మామూలుగా అనాలనుకున్నా మాట వణికింది. "కెహిండే, ఇప్పుడు నువ్వు. ఇటు చూడు తల్లీ."

పిల్ల చుట్టూ చూసింది. "కెహిండే రాలేదుగా," అంది.

అబియోనా చేత్తో నోరు మూసుకుంది. ముసలామె గిన్నె మూత మీద వేళ్ళు బిగించి, "వచ్చింది, వచ్చింది, అక్కడే ఉంది, నవ్వవే," అని గబగబా అనేసింది. పిల్ల నవ్వలేదు. మొరేనికే కళ్ళు మూసుకుని నొక్కేసింది.

వాళ్ళని బయట బెంచీ మీద కూర్చోమని, ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించింది. తెర మీద తైవో మొహం పెద్దదైంది. అనుకున్నట్టే ఎర్ర కన్ను. అలవాటుగా నిట్టూర్చి, దిద్దడానికి ఇంకా దగ్గరికి లాక్కుంది. అప్పుడు చూసింది. కుడి కన్ను ఒక్కటే ఎర్రగా ఉంది. ఎడమ కంటి నల్లగుడ్డు ఉండాల్సిన చోట తెల్లటి చుక్క, మసక తెలుపు. లోపల్నుంచి ఎవరో దీపం పట్టుకుని చూస్తున్నట్టు ఉంది.

మొరేనికే రెండో ఫోటో తెరిచింది. అందులోనూ అంతే. ఒక కన్ను ఎరుపు, ఒక కన్ను తెలుపు. పెద్దది వచ్చింది, అనుకుంది. నేను పిలిచాను, వచ్చింది, చెల్లెలి కంట్లోంచి నన్ను చూస్తోంది. బయట తైవో ఏదో అడుగుతోంది, ముసలామె వేరుసెనగలు ఒలిచి పెడుతోంది.

ఈ ఫోటో ఇలా ఇవ్వకూడదు, అంతే. చేతులు వాటంతట అవే పనిలోకి దిగాయి. ఎర్ర కన్ను నల్లగా దిద్దింది. దిద్దిన కన్నుని కత్తిరించి, తిరగేసి, తెల్ల కన్ను మీద అతికించబోయింది. అంచులు మెత్తగా చెరిపితే ఎవరికీ తెలియదు. ఈ పని తనకి బాగా వచ్చు. ఎందుకు బాగా వచ్చు? ఎర్ర కన్నుకి ఇంత పని అక్కర్లేదు, రంగు మారిస్తే చాలు. ఒక కన్ను తీసి ఇంకో కంటికి పెట్టడం తాను ఎప్పుడు చేసింది?

చెయ్యి ఆగిపోయింది.

ఒక్కసారే చేసింది. ఈ పిల్లలదే, రెండో పుట్టినరోజు. అప్పటికి పెద్ద కెమెరా కొనలేదు. ఏదో దుమ్ము మెరిసిందనుకుని, చూడ్డానికి బాగోలేదని సరిచేసి, చక్కటి ఫోటో ఫ్రేము కట్టించి ఇచ్చింది. అబియోనా మురిసిపోయి నాలుగు కాపీలు అడిగింది. దిద్దకముందరి ఫోటోలు మొరేనికే ఎప్పుడూ చెరపదు. పాత ఫోల్డర్లు ఒక్కోటీ తెరుస్తూ పోయింది. దొరికింది. పసుపు గౌన్లలో ఇద్దరు. తైవో రెండు కళ్ళూ ఎరుపు. కెహిండే ఎడమ కన్ను ఎరుపు. కుడి కన్ను తెలుపు.

కుడి కన్నే. వాచింది కుడి కన్నే.

ఆమెకి డాక్టరు చదువు లేదు. కానీ నాలుగేళ్ళు ఊరందరి కళ్ళూ దిద్దిన మనిషి. వేల కళ్ళు చూసింది, అన్నీ ఎర్రగానే ఉండేవి. తెల్లటివి రెండే చూసింది. మొదటిది మట్టిలో ఉంది. రెండోది బయట బెంచీ మీద కూర్చుని వేరుసెనగలు తింటోంది. ఇది దయ్యం కాదని, జబ్బని తెలిసిన క్షణంలో మొరేనికేకి ఇంకా ఎక్కువ భయం వేసింది. దయ్యమైతే తన తప్పు కాకపోయేది.

"అయిందా ఆంటీ?" అని కేకేసింది అబియోనా.

ఇంకో రెండు నిమిషాల పని. అతికించి, ప్రింటు తీసి ఇస్తే దీవించి వెళ్ళిపోతారు. చెబితే? పెద్దది పోయిందని నోటితో అనాలి. రెండు బొమ్మలూ ఒకే పిల్లవని అనాలి. అన్నాక ఈ పిల్లకి ఏదైనా జరిగితే, ఫోటో ఆంటీ నోటిమాటతోనే పోయిందని ఊరు ఊరంతా అంటుంది. దిద్దిన సంగతి చెబితే ఆ తల్లి తనని బతకనిస్తుందా? ఏ దేవుణ్ణి తలుచుకోవాలో కూడా తోచలేదు. చివరికి అతికించిన కన్ను చెరిపేసి, దిద్దినదీ వెనక్కి తీసేసి, రెండు బొమ్మలూ పక్కపక్కన చేర్చి ఉన్నది ఉన్నట్టు ప్రింటు కొట్టింది. పాత ఫోటో కూడా కొట్టింది. వాళ్ళని లోపలికి పిలిచింది.

కొత్త ఫోటో చూడగానే ముసలామె గిన్నె కింద పెట్టి మోకాళ్ళ మీద వాలింది. "వచ్చింది! కన్ను చూడవే, ఎలా వెలుగుతోందో! వచ్చింది నా తల్లి!" గిన్నె మూత తీసింది. ఎర్ర నూనెలో వండిన అలసందలు, కవలలకి ఇష్టమైనవి. "సబ్బుపెట్టె అన్నా, తప్పయిపోయింది ఆంటీ. మంచి కెమెరా నీది."

అబియోనా ఏడుస్తూ నవ్వింది. "ఇంక తైవోని ఏమీ చెయ్యదుగా? వచ్చేసింది కదా, ఇంక పిలవదుగా?"

అంత ఆశ చూసి మొరేనికే బల్ల అంచు పట్టుకుంది. "కవలలమ్మా, ఆ కన్ను రెండు బొమ్మల్లోనూ ఉంది చూడు."

"ఉండదా మరి? కవలలు కదే," అంది ముసలామె.

"కాదు మామ్మా." మొరేనికే కొత్త ఫోటో మీద వేలు పెట్టింది. "రెండూ తైవోనే. రెండుసార్లు తైవోనే కూర్చుంది. ఆ కన్ను తైవోది. కెహిండే రాలేదు. కెహిండే చచ్చిపోయింది."

ముసలామె చెవులు మూసుకుని, "నోరు పడిపోను! పసిదాని ముందు!" అని అరిచింది. అబియోనా చెయ్యి లేచింది. దెబ్బ మొరేనికే చెంప మీద ఛెళ్ళుమంది. తైవో బెదిరి గోడకి నక్కింది. మొరేనికే చెంప తడుముకోలేదు. ఆగితే మళ్ళీ ధైర్యం రాదని తెలుసు.

"కొట్టు. ఇంకా కొట్టేది ఉంది. ఇది చూడు," అని పాత ఫోటో ముందు పెట్టింది. "మీ ఇంట్లో గోడకున్న పుట్టినరోజు ఫోటో. నేను దిద్దకముందు ఇలా ఉంది. పెద్దదాని కుడి కన్ను చూడు. అప్పుడే తెల్లగా ఉంది. వాయక ముందే, తలనొప్పి రాకముందే. నేను మంచి కన్ను తెచ్చి దాని మీద అతికించాను. నీకు చెప్పలేదు. ఏమీ తెలియక చెప్పలేదు."

అబియోనా రెండు కాగితాలూ పట్టుకుని నిలబడింది. ఒకటి చూసింది. రెండోది చూసింది. మళ్ళీ మొదటిది చూసింది. ఏడుపు ఆగిపోయింది.

"దీన్ని ఎవరూ పిలవడం లేదమ్మా," అంది మొరేనికే. "అక్క కంట్లో జబ్బే దీని ఎడమ కంట్లోనూ ఉంది. ఆ పక్క దీనికి కనబడటం లేదు. అందుకే ఎడంపక్క గుద్దుకుంటోంది. అబద్ధమైతే నా స్టూడియో తగలబెట్టు. ఇఫే ఊరి పెద్దాసుపత్రిలో కళ్ళ డాక్టర్లు ఉంటారు. ఈ రోజే తీసుకెళ్దాం."

"అక్కడికెళ్తే కన్ను పీకేస్తారు," అంది ముసలామె. ఇప్పుడామె గొంతులో కోపం లేదు, ఉత్త భయం. "అబియోనా, ఈమె మాట వినకే. ఇంటికి పోదాం, అలసందలు పెడదాం, పెద్దదాన్ని బతిమాలుకుందాం."

అబియోనా కాగితాలు బల్ల మీద పెట్టి, అత్తగారి చెంగున ఉన్న వేరుసెనగ గింజ ఒకటి అందుకుంది. వెళ్ళి గోడ దగ్గర పిల్ల ముందు చతికిలబడింది. దాని ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టింది. తైవో ఆట అనుకుని కిలకిలా నవ్వింది, తల్లి రెండో చేతిలో ఉన్న వేరుసెనగ గింజ లాక్కుని నోట్లో వేసుకుంది.

తల్లి చెయ్యి మారింది. ఎడమ కన్ను వదిలి కుడి కన్ను మూసింది.

పిల్ల నవ్వు ఆగిపోయింది. నమలడం కూడా ఆపేసింది. నెత్తి మీద బల్బు వెలుగుతూనే ఉంది, బయట ఎండ కాస్తూనే ఉంది. తైవో రెండు చేతులూ ముందుకు చాచి గాలిలో తడుముకుంది. ఆ తెరిచి ఉన్న కన్ను ఎదురుగా ఉన్న తల్లి మొహం మీదే ఉంది.

"అమ్మా, కరెంటు పోయింది," అంది.

అబియోనా చెయ్యి తీసేసింది. పిల్ల కనురెప్పలు రెండుసార్లు కొట్టుకుని, "వచ్చింది!" అని చప్పట్లు కొట్టింది.

ముసలామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అబియోనా పిల్లని ఎత్తుకుని, వీపుకి గుడ్డతో బిగించి కట్టుకుంది, ముడి మీద ఇంకో ముడి వేసింది. బల్ల మీది ఫోటోలు మడిచి రవికలో దోపుకుంది.

"నువ్వు కూడా రా ఆంటీ," అంది. "డాక్టరుకి నువ్వే చెప్పాలి, ఏది ఎప్పుడు తీశావో. నాకు నోరు తిరగదు."

"వస్తాను."

ముసలామె గుమ్మానికి అడ్డం నిలబడింది. పట్టుదలతో కాదు, ఏం చెయ్యాలో తెలియక. "పెద్దదానికి చెప్పకుండా ఎలా వెళ్తావే? అది కూడా నీ బిడ్డే కదే."

"దానికి అప్పుడు ఏమీ చెయ్యలేకపోయాను అత్తమ్మా," అంది అబియోనా. మాట తడబడింది, అయినా ఆగలేదు. "అది చచ్చిపోయింది. నాకు ఇంక ఇదొక్కతే ఉంది. తప్పుకో."